రంగేసిన ఇనప బిళ్ళలు

మా అత్తగారింట్లో అందరూ ఒళ్ళు వంచే మనుషులే. నేనొక్కణ్ణే తేడా.

మామయ్యగారు అగ్నిమాపక దళంలో నిచ్చెనలెక్కి దిగి రిటైరైన మనిషి. అత్తయ్య వానొచ్చినా వణుకొచ్చినా ఈత కొలనుకు వెళ్ళక మానరు. బావమరిది కరెంటు పనులు చేస్తాడు; ఆ పనికి బయల్దేరే ముందు ఊరి చివరిదాకా పరుగెత్తి వస్తాడు, ఎవరూ తరమకుండానే. నా భార్య తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేస్తుంది. ఆఫీసుకు వెళ్ళకముందూ, ఇంటికొచ్చాకా బెంచీ మీద వెల్లకిలా పడుకుని, తనకంటే బరువైన ఇనుమును గుండెల మీదికి దించుకుని మళ్ళీ పైకి తోస్తుంది. నాది కళ్ళద్దాల షాపు. రోజు మొత్తం మీద నేనెత్తే బరువల్లా షాపు షట్టరు. అదీ ఎదురు షాపాయన ఓ చెయ్యి వేస్తేనే.

మేం పై వాటాలో ఉంటాం, వాళ్ళు కింది వాటాలో. కింద కారు పెట్టుకోవాల్సిన షెడ్డులో కారు లేదు. బెంచీ, పొడుగాటి ఇనప కమ్మీ, దానికి రెండు వైపులా తొడిగే బిళ్ళలు గోడవారగా దొంతర్లు. నా భార్యకు పదిహేనేళ్ళప్పుడు మామయ్యగారే పాత సామాన్ల కొట్టు నుంచి ఒక్కొక్కటీ మోసుకొచ్చారట. అప్పట్నుంచీ కూతురు బెంచీ మీద, ఆయన ఆమె తల వెనక. కమ్మీ కిందికి జారితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి నిలబడటమే ఆయన ఉద్యోగం. తెల్లారీ తెల్లారకముందే కింద ఠంగుమంటే నాకు మెలకువ వచ్చేది.

సంవత్సరం చివరి సెలవుల్లో ఒకరికొకరు కానుకలిచ్చుకోవడం ఆ ఇంటి అలవాటు. అందులో నా చరిత్ర ఏమంత గొప్పది కాదు. పెళ్ళయిన ఏడు నా భార్యకు బరువు చూసుకునే యంత్రం ఇచ్చాను. వ్యాయామం చేసేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చేదేముంటుందని నా తెలివి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మరుసటేడు మామయ్యగారికి స్ప్రింగుల సాధనం ఒకటి తెచ్చాను. రెండు చేతులతో లాగితే ఛాతీ విశాలమవుతుందని డబ్బా మీద రాసి ఉంది. ఆయన అందరి ముందూ చొక్కా విప్పి, లాగి, వదిలారు. ఛాతీ మీది వెంట్రుకలు స్ప్రింగుల్లో ఇరుక్కుపోయాయి. బావమరిది కత్తెర తెచ్చేదాకా కదలకుండా అలాగే నిలబడ్డారు పాపం, నన్ను చూస్తూ. కొలను వాసనతో తిరిగొచ్చే అత్తయ్యకు సెంటు సీసా ఇచ్చాను. "అంత కంపు కొడుతున్నానా బాబూ?" అని ఆవిడ ఒకటే నవ్వు.

అందుకని ఆ శీతాకాలం, చలి మొదలవుతూనే, ఈసారైనా పరువు దక్కించుకోవాలని అత్తయ్యను ఆశ్రయించాను. ఆవిడ వంటింటి వెనక తడి తువ్వాళ్ళు పిండుతున్నారు.

"ఎవరికేం కావాలో మీరైనా చెప్పండి అత్తయ్యా. వాళ్ళనడిగితే ఏమీ వద్దంటున్నారు."

"నన్నడిగినా అంతే అంటాను. అడిగితే ఎవరు చెప్తారు? చూడు. రోజూ దేన్ని తిట్టుకుంటున్నారో చూస్తూ ఉండు. ఆ తిట్టు తప్పించేది ఏదైనా తెచ్చిస్తే చాలు." తువ్వాలు దులిపి తీగ మీద వేశారు. "కళ్ళద్దాలమ్మేవాడివి, చూడటం కూడా మేమే నేర్పాలా?"

నిజమే కదా అనిపించింది. ఆ రోజు నుంచి ఇంట్లో గూఢచారినయ్యాను.

అత్తయ్య మాట అక్షరాలా నిజం. మనుషులకు ఏం కావాలో వాళ్ళ తిట్లలోనే ఉంది. బావమరిది చీకట్లో పరుగెత్తి వచ్చి, మెట్ల మీద కూచుని, మడమ పట్టుకుని మునిసిపాలిటీ వాళ్ళను తలుచుకునేవాడు. ఆ గొయ్యి కనబడలేదు, ఈ బండివాడికి నేను కనబడలేదు అని. వాడికి నుదుటికి కట్టుకునే లైటొకటి, వీపున మెరిసే పట్టీలున్న చొక్కా ఒకటి కావాలి. అత్తయ్య తిట్టుకునేది కొలను గోడ మీది గడియారాన్ని. కళ్ళజోడు తీసి నీళ్ళలో దిగాక ఆవిడకు అదొక తెల్లటి మచ్చ. ఎంతసేపు ఈదానో పక్కవాళ్ళను అడగాల్సి వస్తుందట. ఆవిడ పవరుతో ఈతకళ్ళజోడు చేయించాలి. అది నా చేతిలో పనే. ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదో మరి. నా భార్య తిట్లు అరచేతుల మీద. ఇనుము పట్టీ పట్టీ కాయలు కాసి, అవి చిట్లి, ఆఫీసులో కవర్ల అంచులు గుచ్చుకునేవి. కాయలు అరగదీసే నున్నటి రాయి, రాసుకోవడానికి మంచి మైనం, చేతులకు పూసుకునే సుద్దపొడికి ఇల్లంతా పడకుండా మూతున్న డబ్బా. అదీ తేలింది.

మామయ్యగారే తేలలేదు. ఆయన దేన్నీ తిట్టడం లేదు. అసలు షెడ్డులోకే రావడం లేదు.

ఆ సంగతి నాకు చెప్పింది నా భార్య. ఒక సాయంత్రం పైకి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"నాన్నకి నా మీద కోపమొచ్చింది," అంది.

సెలవులు కాగానే బరువులెత్తే పోటీ ఒకటుంది. దానికి తను పేరిచ్చింది. ఇచ్చాక చెప్పింది తప్ప ముందు అడగలేదు.

"కోపమని ఎలా తెలుసు?"

"వెనక నిలబడటం మానేశాడు. అడిగితే 'పెద్దదానివయ్యావు, ఇంకా నేనెందుకు' అంటున్నాడు. ఆఖరిసారి నిలబడిన రోజు కమ్మీ ఓ పక్కకి ఒరిగింది. పట్టుకున్నాడు. పట్టుకుని, నీ ఎడమ చెయ్యి బలహీనంగా ఉంది, ముందు అది చూసుకో అన్నాడు. అంతే. మళ్ళీ రాలేదు."

దాంతో ఎడమ చెయ్యి చూసుకునే పనిలో పడింది ఆవిడ. కూరగాయల సంచీ ఎడమ చేత్తో, నీళ్ళ బకెట్టు ఎడమ చేత్తో. షెడ్డులో ఆ చేతికొక్కదానికే అరగంట.

"పోనీ వెనక నేను నిలబడనా?" అన్నాను.

నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు నిలబడితే నిన్ను పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నాన్న సంగతేంటో నువ్వు కనుక్కో. నీతో అయితే చెప్తాడేమో."

నాతో ఎందుకు చెప్తారు? నేను ఆయన వెంట్రుకలు పీకిన అల్లుణ్ణి. అయినా సరేనన్నాను.

షాపుకు వారపు సెలవు రోజున, మధ్యాహ్నం, సుద్దపొడికి ఎంత డబ్బా పడుతుందో చూసుకుందామని షెడ్డు దగ్గరికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల మామయ్యగారు ఒక్కరే ఉన్నారు. ఒక బిళ్ళను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారు. తర్వాత చేయి చాచి దూరంగా పట్టుకున్నారు. చివరికి దాని మీద పోతపోసిన అంకెను బొటనవేలితో తడిమారు. ఆ అంకె ఎప్పుడో తుప్పు కింద మునిగిపోయింది. కమ్మీకి ఒక వైపు తొడిగారు. మరొకటి తీసి అలాగే తడిమి రెండో వైపు తొడిగారు. రెండూ ఒకే సైజులో కనిపిస్తున్నాయి గానీ ఒకటి మందం, ఒకటి పలచన. నా కంటికి గుమ్మంలోంచే తెలుస్తోంది.

చెబుదామని నోరు తెరిచేలోపు ఆయన కమ్మీని ఎత్తారు. అది ఓ పక్కకు ఒరిగింది, ఆ పక్క బిళ్ళ జారి, దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర పడుకుంది.

ఇద్దరం దాన్నే చూశాం.

"నేల ఏటవాలుగా ఉంది," అన్నారు మామయ్యగారు.

ఆ నేల నీళ్ళు పోస్తే పోసినచోటే నిలబడేంత చదును. "కాస్త ఉందండీ," అన్నాను.

బిళ్ళ ఎత్తి ఇద్దామని వంగాను. అది లేవలేదు. ఆయనే వచ్చి ఒంటిచేత్తో తీసుకుని గోడకు ఆనించారు. వెళ్ళబోతూ ఆగి, నా వైపు తిరక్కుండానే, "అమ్మాయితో అనకు," అన్నారు.

"ఏమనండీ?"

"నేల సంగతి."

అప్పటికి నాకంతా అర్థమైంది. ఆయనకు చూపు మందగించింది. ఆ రోజు కూతురి తల వెనక నిలబడి ఇలాగే తప్పు బిళ్ళ వేసి ఉంటారు. కమ్మీ ఒరిగింది అందుకే. ఎడమ చెయ్యి వంక చెప్పి, భయంతో ఇంక ఆ ఛాయలకు రావడం మానేశారు.

కళ్ళద్దాల షాపువాణ్ణి. నా చేతిలో మందుంది. కానీ ఆ మందు పొట్లం కట్టి అందరి ముందూ చేతిలో పెడితే ఆ మనిషి తీసుకుంటారా? "పొగలో దారి చూసిన కళ్ళోయ్ ఇవి" అని ఎన్నిసార్లు అన్నారో. ఆయన పనిచేసినచోట అద్దాలొచ్చిన మనిషిని నిచ్చెన దింపి కుర్చీలో కూచోబెట్టేవారట. ఇక్కడ ఎవరు కూచోబెడతారు అని మనం అనుకుంటాం. ఆయన అనుకోవద్దూ?

పైకి వెళ్తే నా భార్య "ఏమన్నాడు?" అంది. "కోపమైతే కాదు," అన్నాను. "మరి?" అంది. నేల సంగతి నోటిదాకా వచ్చింది. మింగేసి, "సెలవుల్లోపు చెప్తాను," అన్నాను. అనుమానంగా చూసింది. పెళ్ళయ్యాక తనకు చెప్పకుండా ఏదైనా దాచడం నాకదే మొదటిసారి. ఆయన ఎలాగూ కూతురి వెనక నిలబడటం లేదు కాబట్టి ఎవరికీ ముప్పు లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఉపాయం తోచింది షాపులో, పిల్లల కళ్ళజోళ్ళు రంగుల వారీగా సర్దుతుంటే. మర్నాడే బావమరిదిని పట్టుకున్నాను. కారణం చెప్పలేదు, షెడ్డు బిళ్ళలన్నిటికీ తుప్పు గీకి కొత్తగా రంగులేద్దాం, అందరికీ కలిపి అదో కానుక అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. "పోటీల్లో కూడా బరువుకో రంగుంటుంది బావా. ఇరవైలు నీలం, పదిహేనులు పసుపు, పదులు ఆకుపచ్చ. అక్కకి అలవాటవుతుంది కూడా." స్నేహితుడెవరో అడిగాడని ఇంట్లో ఓ అబద్ధం చెప్పి, జతలు జతలుగా తన బండిలో నా షాపు ముందు దింపేవాడు. దింపి పనికి వెళ్ళిపోయేవాడు. గుమ్మం నుంచి వెనక గదిదాకా మోయడం నా వంతు.

ఆ పది అడుగుల దూరం మోశాక కదా ఆ ఇంటి మనుషులేం చేస్తున్నారో నాకు తెలిసింది. మొదటి రోజు సాయంత్రం కస్టమరు ముక్కు మీద కళ్ళజోడు పెట్టబోతే నా చేతులు వణికి చెవిలో గుచ్చాను. రెండో రోజు ఇంట్లో అన్నం కలుపుకోలేక చెంచా అడిగాను. "ఏం పని చేశావని?" అంది నా భార్య. "షట్టరు బిగుసుకుపోతోంది," అన్నాను.

గిరాకీ లేని మధ్యాహ్నాలు గరుకు కాగితంతో తుప్పు రుద్ది, రంగేసి, ఆరాక దాని మీద తెల్లగా, నా అరచేయంత అంకె వేసేవాణ్ణి. ఓ పెద్దాయన కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చి, బల్ల మీద ఆరుతున్న నీలం బిళ్ళల్ని చూసి కంగారుపడ్డాడు. "ఇంత మందం అద్దాలా. ఎవరికండీ పాపం?"

"మా మామగారికండీ," అన్నాను, నోరు జారి.

"పవరెంత?"

"ఇరవై."

ఆయన నాలుక కరుచుకుని, మీ మామగారిని జాగ్రత్తగా చూసుకోమని చెప్పి వెళ్ళాడు.

సెలవు రోజు పొద్దున కింది వాటాలో అందరం కూచున్నాం. పొట్లాలు విప్పడం మొదలైంది. బావమరిది లైటు నుదుటికి కట్టుకుని, వెలుగు మా అందరి కళ్ళలో కొట్టి తిట్లు తిన్నాడు. అత్తయ్య ఈతకళ్ళజోడు పెట్టుకుని గోడ గడియారం వంక చూశారు, వాకిట్లోకి వెళ్ళి అక్కణ్ణుంచి చూశారు, వచ్చి నా నెత్తి నిమిరారు. అది తీయకుండానే అందరికీ టీ పోశారు. నా భార్య రాయి పట్టుకుని అరచేతిని అప్పుడే అరగదీయడం మొదలుపెట్టింది. మామయ్యగారి ఒళ్ళో ఏమీ లేదు.

"మిగతాది షెడ్డులో ఉందండీ. అందరిదీను," అన్నాను.

ముందు రాత్రే బిళ్ళలన్నీ తిరిగి చేర్చిన బావమరిది వెళ్ళి తలుపులు రెండూ బార్లా తెరిచాడు. చలికాలపు ఎండ లోపలికి పడింది. గోడవారగా నీలం, పసుపు, ఆకుపచ్చ. దొంతర్లన్నీ కడిగినట్టున్నాయి. నా భార్య ఒక్కో బిళ్ళా ముట్టుకుంటూ, "ఇదా నీ షట్టరు," అంది.

మామయ్యగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చాలాసేపు చూశారు. అంకెల్ని చూశారు, నా చేతుల్ని చూశారు. నా గోళ్ళ సందుల్లో నీలం ఇంకా పోలేదు.

"ఎవరి ఆలోచన ఇది?" అన్నారు.

"అందరికీ పనికొస్తుందనండీ," అన్నాను.

ఆయన లోపలికి నడిచి ఓ పసుపుది తీశారు. తడమలేదు. ఇటువైపు తొడిగి, ఇంకో పసుపుది తీసి అటువైపు తొడిగారు. రెండు పక్కలా ఒకసారి చూసుకున్నారు. తర్వాత వెళ్ళి బెంచీ వెనక, తన చోట్లో నిలబడ్డారు.

నా భార్య నా వంక చూసింది. వెళ్ళి బెంచీ మీద పడుకుంది. అత్తయ్య ఈతకళ్ళజోడు పైకి జరుపుకుని కళ్ళు తుడుచుకున్నారు. నీళ్ళు లోపల నిలబడ్డాయనుకుంటాను.

ఠంగుమంది. ఆ చప్పుడు నాకు తియ్యగా వినిపించడం అదే మొదలు.

ఆయన చేతులు కడుక్కుంటూ, పక్కన నేనే ఉన్నానని చూసుకుని, "నీ షాపు రేపు తెరుస్తావా?" అన్నారు.

సెలవులైనా తెరిచాను. పొద్దున్నే వచ్చి పరీక్ష కుర్చీలో వీపు ఆనించకుండా, ఉద్యోగంలో ఉన్నట్టే నిటారుగా కూచున్నారు. ఎదురుగా అక్షరాల పలక వెలిగించి చదవమన్నాను. పై వరస నుంచి కింది వరసదాకా గడగడా చదివేశారు. ఈగ కాళ్ళంత అక్షరాలున్న ఆఖరి వరస కూడా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పారు.

"మామయ్యగారూ, మీరు చదివింది పాత పలకండీ. దాన్ని మొన్ననే మార్చేశాను."

ఆయన పలక వంక చూశారు, నా వంక చూశారు.

"మార్చినవాడివి చెప్పొద్దూ మరి," అన్నారు.

ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆయనకూ వచ్చింది. అత్తయ్య కళ్ళజోడు కోసం వచ్చినప్పుడల్లా ఎందుకైనా మంచిదని కంఠస్థం చేశారట. నవ్వు తగ్గాక కుర్చీ చేతుల్ని పట్టుకుని, నేల చూపులు చూస్తూ చెప్పారు. "ఆ రోజు ఒక పక్క ఇరవై వేశాను, ఇంకో పక్క పదిహేను. కమ్మీ దాని మొహం మీదికి వస్తోంది. పట్టుకున్నాను, సరే. పట్టుకోకపోతే? పైగా దాని చెయ్యి మీదికి నెట్టాను. పిల్ల బకెట్లు ఎడమ చేత్తో మోస్తుంటే చూస్తూ కూచున్నాను."

పరీక్ష చట్రం ఆయన ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మారుస్తూ పోయాను. ఒకచోట ఆయన ఆపమన్నట్టు చెయ్యి ఎత్తారు. ఆ వారమే కంటి డాక్టరుకు కూడా చూపించాం. లోపల జబ్బేమీ లేదు, అద్దాలు చాలన్నారు.

కళ్ళజోడు తయారైన రోజున షాపు నుంచి ఇంటికి నడిచి వచ్చాం. దారి పొడుగునా ఆయన బోర్డులు చదువుతూనే ఉన్నారు. చెప్పులు కుట్టబడును. గది అద్దెకు కలదు. ఇచ్చట మూత్రము పోయరాదు. మేడ మీద ఆరేసిన చొక్కాకు బొత్తాం లేదని కూడా నాకు చూపించారు. ఇంట్లో అడుగుపెట్టి అత్తయ్యను చూసి ఆగారు.

"నీకింత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది?"

"మీరు చూడని రోజుల్లో," అన్నారావిడ, కూర తరుగుతూ. "బాగున్నాయి అద్దాలు. ఉంచుకోండి."

ఆయన తిన్నగా షెడ్డులోకి వెళ్ళారు. నా భార్య అప్పుడే చేతులకు సుద్ద రాసుకుంటోంది. తండ్రి మొహం మీద కళ్ళజోడు చూసి ఏదో అనబోయింది. ఆయనే ముందు అన్నారు.

"నీ ఎడమ చేతికేం లేదమ్మా. ఆ రోజు బిళ్ళలు నేనే తప్పు వేశాను. కళ్ళు కనపడలేదు."

నా భార్య తండ్రిని చూసింది, వెనక నిలబడ్డ నన్ను చూసింది. గోడకున్న రంగుల్ని చూసింది. నెమ్మదిగా అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటున్నట్టు ఆమె మొహం మారింది.

"కోపం కాదా నీకు?"

"కోపమెందుకు? పోటీకి నేనే పేరివ్వమందామనుకుంటున్నాను, నువ్వే ఇచ్చేశావు."

"అంటే, ఇన్నాళ్ళూ నేను ఎడమ చేత్తో బకెట్లు మోసింది ఉత్తినేనా నాన్నా?"

"పడుకో, చూస్తాను."

పడుకుంది. ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ఆయన వెనక నిలబడి రెండు మోచేతుల్నీ పరీక్షగా చూశారు.

"ఉత్తినేం కాదు," అన్నారు. "ఇప్పుడు కుడి చెయ్యి బలహీనంగా ఉంది."

నా భార్య కమ్మీని కొక్కేల మీద పడేసి పగలబడి నవ్వింది. లేవలేక అలా పడుకునే, సుద్ద చేతులతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ సుద్ద పొగలా లేచి ఆయన కొత్త అద్దాలను కప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో బరబరా తుడవడం మొదలుపెట్టారు. అలా తుడిస్తే గీతలు పడతాయని షాపులో ప్రతివాళ్ళకూ చెప్పే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

తుడుచుకోనీ అని ఊరుకున్నాను. గీతలు పడితే ఇంకో జత చేసిస్తాను.